సూర్యకిరీటం జమాఖర్చు

సూర్యుడి ఉపరితలం మీద ప్రతి చదరపు మీటరు నుంచి సుమారు 6.3 కోట్ల వాట్ల శక్తి వెలుగుగా బయటికి పోతోంది. ఆ ఉపరితలానికి పైన, సంపూర్ణ గ్రహణం వేళ మాత్రమే మామూలు కంటికి ఆనే పలచటి తెల్లని వెలుగు ఒకటుంది. అదే సూర్యకిరీటం. దాని వేడి తగ్గకుండా నిలవాలంటే, పెద్దగా అలజడి లేని చోట చదరపు మీటరుకు 300 వాట్లు చాలు. అంటే రెండు లక్షల్లో ఒక వంతు. కోట్ల వ్యాపారం నడిచే దుకాణంలో ఒక మూడొందలు ఏ దారిన వచ్చాయో గుమాస్తా చెప్పలేకపోతున్నాడన్నమాట. ఎనభై ఏళ్లుగా ఇదే వరస.

జవాబులు లేక కాదు ఈ ఇబ్బంది. ఎక్కువై వచ్చింది. రెండు మూడేళ్లకోసారి ఏదో ఒక వ్యోమనౌక కొలతలు పంపుతుంది, ‘సూర్యుడి రహస్యం వీడింది’ అని పత్రికల్లో శీర్షిక పడుతుంది. మళ్లీ కొన్నాళ్లకు అదే రహస్యం మరోసారి వీడుతుంది. ఈలోగా వాదాలు చీలి, ఉపవాదాలు పుట్టి, ఎవరు దేన్ని కాదంటున్నారో బయటివాళ్లకు అంతుపట్టని స్థితి వచ్చింది. ఆ చిక్కులో ఏ పోగు ఎక్కడ మొదలైందో చూడడం ఈ సమీక్ష పని. సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల గాలి, ఉపగ్రహాల ఆయుష్షు, తోకచుక్కల తోకలు కూడా ఈ మూడొందల వాట్ల పద్దులోనే పడతాయి కాబట్టి ఆ ఖాతానూ తెరుద్దాం.

పేరు గురించి ఒక మాట. శాస్త్రవేత్తలు దీన్ని కరోనా అంటారు. లాటిన్‌లో కిరీటమని అర్థం. 2020 తర్వాత ఆ మాట వింటే అందరికీ మాస్కులే గుర్తొస్తాయి గనుక ఇక్కడ కిరీటమనే అందాం.

ఆకుపచ్చ గీత

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆ గ్రహణంతో ముడిపడిన పసుపు గీత, దాని వెంట వచ్చిన హీలియం కథ తెలుగువాళ్లం గొప్పగా చెప్పుకునేదే. అంతగా చెప్పుకోనిది మరుసటి ఏటి గీత గురించి. 1869 ఆగస్టు 7న అమెరికాలో గ్రహణం పట్టినప్పుడు చార్లెస్ యంగ్, విలియం హార్క్‌నెస్ ఎవరికి వారుగా కిరీటపు వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీతను చూశారు. దాని తరంగదైర్ఘ్యం 5303 ఆంగ్‌స్ట్రామ్‌లు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది కుదరలేదు. హీలియం ఊపులోనే ఇంకో కొత్త మూలకాన్ని ఊహించుకుని దానికి ‘కరోనియం’ అని పేరు పెట్టేశారు.

హీలియం 1895లో భూమ్మీదా దొరికింది. కరోనియం దొరకలేదు. ఆవర్తన పట్టికలో గళ్లు నిండేకొద్దీ దానికి కూర్చోవడానికి చోటే లేకపోయింది. చివరికి 1939లో జర్మనీలో వాల్టర్ గ్రోట్రియాన్ దారి చూపాడు. కిరీటపు గీతలు కొన్ని, ఎలక్ట్రాన్లు బాగా ఊడిపోయిన మామూలు లోహాలవే కావచ్చన్నాడు. 1940ల మొదట్లో స్వీడన్‌కు చెందిన బెంట్ ఎడ్లెన్ లెక్క పూర్తి చేశాడు. ఆ ఆకుపచ్చ గీత ఇనుముది. తన 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకున్న ఇనుముది.

ఇనుము నుంచి 13 ఎలక్ట్రాన్లు ఊడాలంటే ఆ చోటు ఇరవై లక్షల డిగ్రీల దాకా కాగాలి. కింద ఉపరితలం వేడి 5,500 డిగ్రీలే. కొత్త మూలకం బెడద వదిలింది, దానికంటే పెద్ద బెడద తగులుకుంది. చల్లని చోటు నుంచి వేడి చోటికి వేడి తనంతట తాను పారదు. కాబట్టి కింది నుంచి పైకి వెళ్తున్నది వేడి రూపంలో వెళ్లడం లేదు. అరచేతులు రుద్దుకుంటే పుట్టే సెగ వంటి వ్యవహారం ఇది: వచ్చేది కదలిక, మిగిలేది వేడి.

ఇంతవరకు ఇప్పుడు అందరిదీ ఒకే మాట. ఉపరితలం కుతకుత ఉడుకుతుంటుంది. అక్కడ లేచే ఒక్కో బుడగ వెయ్యి కిలోమీటర్ల వెడల్పుండి, కొద్ది నిమిషాల్లోనే చెదిరిపోతుంది. ఆ కుదుపులు అయస్కాంత బలరేఖల మొదళ్లను ఇటూ అటూ తోస్తాయి. బలరేఖలు ఆ శక్తిని పైకి మోస్తాయి. సరుకు ఉంది, బండీ ఉంది. పైన ఆ సరుకు చేతులు మారి వేడిగా మారే రేవు ఎక్కడన్నదే తగాదా అంతా.

అలలవాళ్లు

మొదట వచ్చింది ధ్వని వాదం. 1940ల రెండో సగంలో లుడ్విగ్ బీర్మన్, మార్టిన్ ష్వార్జ్‌షిల్డ్ ఆ ఉడుకు చప్పుడే పైకి పోయి వేడి అవుతోందన్నారు. ఊహలో అందం ఉంది. చర్నాకోల ఝళిపించినప్పుడు పిడి దగ్గర చెయ్యి కదిలేది కొంచెమే. తాడు సన్నబడుతూ పోయిన కొసన అదే ఊపు ఛెళ్లుమంటుంది. సూర్యుడి వాతావరణమూ పైకి పోయేకొద్దీ కోట్ల రెట్లు పలచబడుతుంది గనుక అలలు అక్కడ అలాగే విరగాలి. విరుగుతాయి కూడా, కాని ముందే విరిగిపోతాయి. 1970ల చివర్లో ఓఎస్ఓ-8 ఉపగ్రహం కొలిచి చూస్తే, ధ్వని తరంగాల శక్తి కిరీటం దాకా చేరకుండా కింది పొరల్లోనే హరించుకుపోతోందని తేలింది. సమస్యల చరిత్రలో ఇంత శుభ్రంగా మూతబడిన వాదాలు తక్కువ.

దాని చోటు ఆల్ఫ్వేన్ తరంగాలు ఆక్రమించాయి. హానెస్ ఆల్ఫ్వేన్ 1942లోనే చెప్పిందేమంటే, ప్లాస్మాలో అయస్కాంత బలరేఖ బిగించిన తీగలా ప్రవర్తిస్తుంది, మీటితే దాని వెంట అల పోతుంది. మొదట్లో నమ్మినవాళ్లు తక్కువ. 1970లో నోబెల్ వచ్చింది. ఈ అలలకు పైదాకా పోగల సత్తా ఉంది. చిక్కల్లా తిరగబడింది: ధ్వని తరంగం త్వరగా చచ్చిపోతే, ఆల్ఫ్వేన్ తరంగం చావనే చావదు. మూట మోసేవాడు దొరికాడు గాని దింపుకునేవాడు లేడు. పైగా సాంద్రత ఒక్కసారిగా పడిపోయే సరిహద్దు దగ్గర చాలా అలలు గోడకు తగిలిన బంతిలా వెనక్కి తిరుగుతాయి.

దింపుకునే ఉపాయాల మీద 1970ల చివరి నుంచి బోలెడు గణితం నడిచింది. పక్కపక్క తీగలకు శ్రుతి తేడా ఉంటే అవి కాసేపటికి లయ తప్పి ఒకదానితో ఒకటి రాపిడికి దిగుతాయన్నది ఒకటి. ఎదురెదురుగా వచ్చే అలలు కొట్టుకుని, పెద్ద సుడి చిన్న సుడిగా, ఇంకా చిన్న సుడిగా చీలి కరిగిపోతాయన్నది మరొకటి. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గేది ఈ రెండో దాని వైపే.

కొలతలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక కొట్లాట పెంచాయి. 2007లో స్టీవ్ టామ్‌జిక్ బృందం కిరీటమంతటా అలలు కదలడం చూపించింది. వాటి శక్తి లెక్కేస్తే కావలసినదానికి ఏ మూలకూ చాలలేదు. అదే ఏడు జపాన్ ఉపగ్రహం హినోడే కింది పొరల్లో ఎగిరే ప్లాస్మా చిమ్ములు పక్కలకు ఊగడం పట్టింది. 2011లో స్కాట్ మెకింటాష్ బృందం మళ్లీ లెక్కకట్టి, ప్రశాంత ప్రాంతాల్లో 100 నుంచి 200 వాట్ల దాకా అలలు తేగలవంది. 300కు అది దరిదాపే. సౌర మచ్చల పైన ఉండే చురుకు ప్రాంతాల్లో కావలసింది 10,000 వాట్లు. అక్కడ అలలు చేతులెత్తేశాయి. మధ్యలో పేరు తగాదా ఒకటి: ఆ ఊగులాటను నిజంగా ఆల్ఫ్వేన్ తరంగం అనొచ్చా, గొట్టం మొత్తం వంకర తిరిగే వేరే జాతి అల అనాలా అని. బయటివాళ్లకు ఇది పేరు గొడవలా కనిపిస్తుంది. శక్తి గొట్టమంతా నిండి ఉందా, అక్కడక్కడే ఉందా అన్నది పేరును బట్టి మారుతుంది గనుక లెక్క రెట్లలో తేడా వస్తుంది.

జడలవాళ్లు

షికాగోలో యూజీన్ పార్కర్ 1972లో ఇంకో దారి పట్టాడు. కిరీటంలో బలరేఖల కట్టలు విల్లులా లేచి మళ్లీ ఉపరితలంలోనే పాతుకుంటాయి. వాటి మొదళ్లు కింద ఉడుకులో తలోవైపు తిరుగుతుంటే పైన పాయలు ఒకదానిమీదొకటి పడి జడ అల్లుకుంటుంది. ఇంటి జడకు దువ్వెన ఉంది, ఇక్కడ విప్పే దిక్కు లేదు. బిగిసి బిగిసి, పాయల మధ్య పలచటి విద్యుత్ రేకులు ఏర్పడి, ఒక స్థాయిలో బలరేఖలు తెగి వేరే జతలతో అతుక్కుంటాయి. ఆ తెగి అతుక్కునే క్షణంలో బిగువంతా వేడిగా విడుదలవుతుంది.

1988లో పార్కర్ ఆ చిన్న పేలుడుకు నానోజ్వాల అని పేరు పెట్టాడు. పేరు చూసి చిన్నచూపు పనికిరాదు. ఒక్కొక్కటీ దాదాపు 24 మెగాటన్నుల టీఎన్‌టీకి సమానం. పెద్ద సౌరజ్వాలలో వంద కోట్లవ వంతు కాబట్టి నానో అయింది, అంతే.

ఇవి విడివిడిగా దుర్భిణికి ఆనవు. మరి ఉన్నాయని ఎలా తేల్చడం? 1991లో హ్యూ హడ్సన్ ఒక పరీక్ష పెట్టాడు. తిరుమల పరకామణిలో హుండీ లెక్కపెడుతున్నారనుకోండి. నోట్ల మొత్తం ఎక్కువా, చిల్లర మొత్తం ఎక్కువా? విలువ పదోవంతుకు తగ్గినప్పుడల్లా వాటి సంఖ్య పది రెట్లకు మించి పెరుగుతూ పోతేనే చిల్లర గెలుస్తుంది. జ్వాలలకూ ఇంతే. ఆ పెరుగుదల వాలు 2 దాటితే చిన్న జ్వాలలు కిరీటాన్ని కాచగలవు, దాటకపోతే కాచలేవు. ముప్పై ఏళ్లుగా కొలుస్తున్నారు. ఒకరికి 1.5, ఒకరికి 2.5 వస్తోంది. ఏది ఒక జ్వాల, ఏది రెండు జ్వాలల కలయిక అన్న నిర్ణయాన్ని బట్టి అంకె కదిలిపోతుంది. కనిపించే నాణేలను బట్టి కనిపించని నాణేలను ఊహించే ఈ పద్ధతి మీద అయిన ఖర్చుకు తగిన ఫలితం రాలేదనే అనాలి.

పరోక్ష సాక్ష్యాలు అంతకంటే గట్టివి. నానోజ్వాలలు నిజమైతే, చురుకు ప్రాంతాల్లో జ్వాలలేవీ లేని వేళ కూడా కోటి డిగ్రీల ప్లాస్మా లేశమాత్రంగానైనా ఉండాలి. ఫాక్సీ-2 అనే రాకెట్టు 2014 డిసెంబరులో కొన్ని నిమిషాలపాటు పైకి లేచి అలాంటి కఠిన ఎక్స్-కిరణాలను పట్టుకుంది. ఆ ఫలితం 2017లో వెలువడింది. సూర్యుడు బాగా నిద్రావస్థలో ఉన్న 2019-20లో చంద్రయాన్-2 మీది ఎక్స్-కిరణ పరికరం చురుకు ప్రాంతాలే లేని చోట 98 అతిచిన్న జ్వాలలను లెక్కపెట్టింది. ఆ పని అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయం వాళ్లది. పుణె రేడియో ఖగోళ కేంద్రం పరిశోధకులు ఆస్ట్రేలియాలోని ఒక రేడియో దుర్భిణి సమాచారంలో, ప్రశాంత సూర్యుడి మీద నిరంతరం చిటపటలాడే బలహీన సంకేతాలను 2020లో బయటపెట్టారు. ఆ ఏడే మే 30న సోలార్ ఆర్బిటర్ వ్యోమనౌక దగ్గరికెళ్లి తీసిన చిత్రాల్లో వందల కిలోమీటర్ల నుంచి కొన్ని వేల కిలోమీటర్ల దాకా ఉన్న మెరుపులు కనిపించాయి. వాటికి ‘చలిమంటలు’ అని ముద్దుపేరు పెట్టారు. చలిమంటలు ఎన్ని ఉన్నా ఊరంతటికీ సెగ చాలుతుందా అన్నది ఇంకా లెక్క తేలనిదే.

ఈ వర్గం బలహీనత ఒకటుంది. ఏ కొలత వచ్చినా ‘అసలువి ఇంకా చిన్నవి’ అని తప్పుకునే వీలు నానోజ్వాలలకు ఎప్పుడూ ఉంటుంది.

పక్కపక్కన పెడితే

మూడో వాదమొకటి 2011లో గట్టిగానే వినిపించింది. కింది నుంచి ఎగిరే ప్లాస్మా చిమ్ములు దారిలోనే కాగి కిరీటంలోకి చేరుతున్నాయని. మరుసటి ఏడే జేమ్స్ క్లిమ్‌చుక్ లెక్క వేసి, కిరీటంలోని వేడి ప్లాస్మాలో వాటి వాటా చిన్నదే అని చూపాడు. చిమ్ములు ఉన్నమాట నిజం, వాటా మీదే పేచీ.

ప్రధాన వర్గాలు రెండింటికీ ఈ రంగంలో వాడుక పేర్లు ఏసీ, డీసీ. మన ఇళ్ల కరెంటు మాటలే. మొదళ్లను గబగబా ఊపితే తీగ వెంట అల పోతుంది, అది ఏసీ. నిదానంగా జరిపితే అలకు బదులు జడ పడుతుంది, అది డీసీ. ఎంత వేగం గబగబా, ఎంత వేగం నిదానం? అల ఒక చివరి నుంచి ఇంకో చివరికి చేరడానికి పట్టే కాలమే గీటురాయి. చూడండి, రెండు వాదాలకూ కింద తోసే చెయ్యి ఒక్కటే. తేడా తాళంలో ఉంది. సూర్యుడి ఉడుకుకు ఒకే తాళం ఉండదు గనుక రెండూ జరక్కుండా ఉండే దారే లేదు.

చివరి మెట్టు దగ్గర తేడా ఇంకా పలచబడుతుంది. అలలు సుడులుగా చీలి చీలి అంతమయ్యేదీ పలచటి విద్యుత్ రేకుల్లోనే. జడ తెగినప్పుడు చుట్టూ అలలూ రేగుతాయి. క్లిమ్‌చుక్ 2006లో రాసిన సమీక్షలో ఎత్తి చూపింది ఇదే: ఏ యంత్రాంగాన్ని తీసుకున్నా, ఒక్కో సన్నటి పోగు దగ్గర వేడి ధారగా పడదు, దఫదఫాలుగా పడుతుంది. అందుకే ‘అలలా, పేలుళ్లా’ అనే పందెం పాతబడిందని ఈ సమీక్ష అభిప్రాయం. నేటి ప్రశ్న వాటా గురించి. మచ్చల పైని చురుకు ప్రాంతాల్లో జడల పక్షం బలంగా ఉంది. బలరేఖలు తిరిగి రాకుండా అంతరిక్షంలోకి తెరుచుకున్న ‘కిరీట రంధ్రాల్లో’ అలల పక్షం బలంగా ఉంది, ఎందుకంటే రెండో చివర పాతుకోని జడను అల్లడం కష్టం. మిగిలిన ప్రశాంత సూర్యుడే, అంటే వైశాల్యంలో సింహభాగమే, ఇరుపక్షాలూ తమదంటున్న పొలం.

తగాదా గాలికెక్కింది

కిరీటం వేడిగా ఉంటే దాని పర్యవసానం అక్కడే ఆగదు. 1957లో సిడ్నీ చాప్‌మన్ కిరీటం కదలకుండా భూమిని దాటి వ్యాపించి ఉంటుందని లెక్కకట్టాడు. అంతకు ముందే బీర్మన్ తోకచుక్కల తోకలు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఎగరడం చూసి, సూర్యుడి నుంచి కణాలు నిరంతరం వీస్తున్నాయన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే ప్రపంచంలో పొసగవని పార్కర్‌కు తట్టింది. ఇంత వేడి కిరీటాన్ని ఏ పీడనమూ బయటి నుంచి అదిమిపెట్టలేదు. అది పారి తీరాలి, ధ్వని వేగాన్ని మించి పారాలి. సౌరపవనం అనేది దీన్నే. 1958లో ఈ మాట చెప్పిన ఆయన వ్యాసాన్ని ఇద్దరు పరిశీలకులు తిప్పికొట్టారు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కూ ఆ ఊహ రుచించలేదు. అయినా గణితంలో తప్పు చూపలేకపోయారు గనుక అచ్చువేశాడు. జోసెఫ్ చాంబర్‌లైన్ మాత్రం అది గాలి కాదు, పిల్లతెమ్మెర అన్నాడు. 1959లో సోవియట్ల లూనా-1, 1962లో అమెరికా మారినర్-2 స్వయంగా వెళ్లి కొలిచాక పార్కర్ మాటే నెగ్గింది.

నెగ్గినా పూర్తిగా కాదు. కిరీట రంధ్రాల నుంచి వచ్చే గాలి సెకనుకు 700 కిలోమీటర్లు దాటుతుంది. పార్కర్ చెప్పిన వేడి పీడనం ఒక్కటే దాన్ని అంత వేగానికి తోయలేదు. దారిలో ఎవరో మళ్లీ తోస్తున్నారు. 1990ల చివర్లో సోహో వ్యోమనౌక చిత్రమైన ఆచూకీ ఇచ్చింది: కిరీట రంధ్రాల పైన ఆక్సిజన్ అయాన్లు 10 కోట్ల డిగ్రీలు దాటి కాగి ఉన్నాయి, పక్కనే ఉన్న ఎలక్ట్రాన్లు పది లక్షల లోపే. ఒకే కుండలో బియ్యం ఉడికి నీళ్లు చల్లగా ఉన్నట్టు. అయాన్లు తిరిగే లయకు సరిపడే అలలేవో వాటినే ఏరి కొడుతున్నాయని దీనికి ప్రచారంలో ఉన్న వివరణ.

2018 ఆగస్టు 12న పార్కర్ పేరుతో, ఆయన బతికుండగానే, ఆయన కళ్లముందే ఒక నౌక బయల్దేరింది. 2021 ఏప్రిల్ 28న అది కిరీటంలోకి అడుగుపెట్టింది. 2024 డిసెంబరు 24న ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి గంటకు 6.9 లక్షల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లింది. దానికి ఎదురైన అసలు వింత, బలరేఖలు వెళ్తూ వెళ్తూ మడతపడి వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు సాగే ‘వెనుమడతలు’. తగాదా యథాతథంగా ఇక్కడికి బదిలీ అయింది. 2023లో స్టువర్ట్ బేల్ బృందం గాలికి మూలం కింద బలరేఖలు తెగి అతుక్కోవడమేనని సాక్ష్యం చూపింది. 2024లో యెమీ రివేరా బృందం, పార్కర్ నౌక ఒకచోట, సోలార్ ఆర్బిటర్ బాగా బయట రెండు రోజుల తేడాతో ఒకే గాలిపాయను కొలిచిన అరుదైన అవకాశాన్ని వాడుకుంది. రెండు చోట్ల మధ్య తరిగిన అలల శక్తి, పెరిగిన వేడికీ వేగానికీ సరిపోయింది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించుకోవు. ఒకటి బయల్దేరిన చోటు గురించి, ఇంకొకటి ప్రయాణం గురించి. పత్రికల శీర్షికల్లోకి వచ్చేసరికి మాత్రం ఒకదాని గెలుపు, ఇంకోదాని ఓటమి అయిపోయాయి.

చుట్టూ తిరిగేవాళ్ల ఖాతా

సౌరపవనం గ్రహాలను నెట్టుకుపోతుందన్న భ్రమ చాలామందికి ఉంది. నెట్టే విషయంలో గాలి కంటే వెలుగే బలమైనది. భూమి దగ్గర వెలుగు పీడనం గాలి పీడనానికి సుమారు రెండు వేల రెట్లు. బెన్నూ గ్రహశకలం కక్ష్య ఏటా 284 మీటర్లు లోపలికి జరుగుతోందంటే, పగలు కాగిన దాని రాళ్లు సాయంత్రంవేళ వేడిని బయటికి కక్కుతూ ఇచ్చే సన్నటి తోపు వల్లే. వెలుగూ గాలీ కలిసి సూర్యుడి బరువును తగ్గిస్తున్నందువల్ల భూమి కక్ష్య ఏటా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు విశాలమవుతోంది. ఇవి తగాదాలు లేని పద్దులు.

గ్రహాలే సూర్యుణ్ని శాసిస్తున్నాయనే తిరుగుడు వాదం మధ్యమధ్య తలెత్తుతుంది. శుక్రుడు, భూమి, గురుడు ఒక వరసకు వచ్చే 11.07 ఏళ్ల ఆవృత్తి మచ్చల చక్రంతో కలుస్తోందని జర్మనీలో ఫ్రాంక్ స్టెఫాని బృందం అంటోంది. గ్రహాల ఆకర్షణ సూర్యుడి మీద లేపే పోటు మిల్లీమీటరు స్థాయిది. దాన్ని పెంచే యంత్రాంగం చూపించే దాకా ఎక్కువమంది దీన్ని కాకతాళీయమనే అంటారు. జ్యోతిషం శీర్షికలకు మాత్రం తియ్యటి వార్త.

సౌరపవనం, కిరీటపు ఎక్స్-కిరణాలు నిజంగా పనిచేసేది వాతావరణాల మీద. 1973-74లో స్కైలాబ్ నుంచి వ్యోమగాములు తీసిన ఎక్స్-కిరణ చిత్రాలే కిరీటమంతా అయస్కాంత కమానులతో కట్టిందని స్థిరపరిచాయి. ఆ తర్వాత ఖాళీగా తిరుగుతున్న స్కైలాబ్‌ను షటిల్ వచ్చి పైకి నెట్టేదాకా నిలుస్తుందనుకున్నారు. సూర్యుడు అనుకున్నదానికంటే చురుకయ్యాడు. కిరీటం నుంచి వచ్చే అతినీలలోహిత, ఎక్స్-కిరణాలకు భూమి పైపొర గాలి కాగి ఉబ్బింది, ఆ పలచటి గాలే స్కైలాబ్‌ను కిందికి గుంజింది. తను ఏ కిరీటాన్ని చిత్రించిందో అదే దాన్ని 1979 జులై 11న పడగొట్టింది. శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. తెలుగు పల్లెల్లో మాత్రం నెత్తిన పడుతుందేమోనని కోళ్లూ మేకలూ కోసుకు తిన్న కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు, 2021లో దానిమీద సినిమా కూడా వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు సౌర తుపానుకే స్టార్‌లింక్ కొత్తగా ఎగరేసిన 49 ఉపగ్రహాల్లో 40 దాకా పోయాయి. అదే గుంజుడు.

అసలు వాదం అంగారకుడి దగ్గరుంది. ఒకప్పుడు నీళ్లు పారిన ఆ గ్రహానికి మందమైన గాలి ఉండాలి. ఎటు పోయింది? 2014 సెప్టెంబరులో, మన మంగళయాన్‌కు రెండు రోజుల ముందు అక్కడికి చేరిన మేవెన్ నౌక, సౌరపవనం సెకనుకు సుమారు 100 గ్రాముల చొప్పున గాలిని ఊడ్చుకుపోతోందని కొలిచింది. సౌర తుపాను తాకినప్పుడు ఆ రేటు బాగా ఎగబాకింది. ఆర్గాన్ లెక్కను బట్టి ఆ వాయువులో సుమారు 65 శాతం అంతరిక్షం పాలైంది. అంగారకుడికి భూమిలా అయస్కాంత కవచం లేదు కాబట్టి గాలి పోయిందన్నది పాఠాల్లో స్థిరపడిన మాట.

ఆ మాటకు 2018లో హెర్బర్ట్ గునెల్ బృందం అడ్డం తిరిగింది. అయస్కాంత క్షేత్రం ఉన్న భూమి, లేని శుక్రుడు, అంగారకుడు పోగొట్టుకునే అయాన్లు దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి. క్షేత్రం గొడుగే కాదు, ధ్రువాల దగ్గర గరాటు కూడా. సౌరపవనం నుంచి ఎక్కువ శక్తిని పట్టి లోపలికి దింపుతుంది. దీనికి ఎదుటివాళ్ల జవాబు: భూమి నుంచి ఎగిరిన ఆక్సిజన్‌లో చాలా భాగం క్షేత్రంలోనే చిక్కుకుని తిరిగి రాలుతుంది, బయల్దేరినదాన్ని కాకుండా తిరిగిరానిదాన్ని లెక్కపెట్టండి. రెండు వాదాలూ సగం సగం కొలతల మీద నిలబడ్డాయి. కవచం కథను పాఠాల్లో ఉన్నంత ధీమాగా చెప్పే రోజులు మాత్రం పోయాయి.

తేలనివి

ఈ రెండు తగాదాలూ కలిసే చోటు సూర్యుడి బాల్యం. అంగారకుడి గాలి ఎక్కువగా పోయింది మూడున్నర, నాలుగు వందల కోట్ల ఏళ్ల కిందట. ఇవాళ సెకనుకు పోతున్న గ్రాములను అప్పటికి పొడిగించాలంటే అప్పటి సౌరపవనం ఎంత జోరుగా వీచిందో తెలియాలి. చురుకైన యువ నక్షత్రాల గాలి జోరుగా ఉంటుందని ఆశించి చూస్తే, బ్రయన్ వుడ్ కొలతల్లో ఒక హద్దు దాటిన అతిచురుకైన నక్షత్రాలు కొన్నింటి గాలి బలహీనంగా కనిపించింది. ఎందుకో చెప్పాలంటే కిరీటాన్ని కాచేది ఏమిటో, ఆ కాచినదాంట్లో ఎంత మూసుకున్న కమానుల్లో ఉండిపోతుందో, ఎంత తెరుచుకున్న రేఖల వెంట పారిపోతుందో తెలియాలి. అలల లెక్క ఒక జవాబిస్తుంది, జడల లెక్క ఇంకోటిస్తుంది.

కిందా తేలనివి ఉన్నాయి. వేడిగా మారే రేకుల మందం మీటర్ల లెక్కలో ఉంటుందని సిద్ధాంతం. సూర్యుడి మీద ఇవాళ్టి దుర్భిణులు విడదీసి చూడగలిగేది పదుల కిలోమీటర్లనే. కంప్యూటర్ నమూనాలు లక్షల డిగ్రీల కిరీటాన్ని ఇట్టే తెప్పిస్తున్నాయి, కాని వాటిలోని రాపిడి అసలు సూర్యుడి రాపిడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టాల్సి వస్తోంది.

తోకచుక్కలు కూడా సాక్ష్యానికి వచ్చాయి. 2011 డిసెంబరులో లవ్‌జాయ్ తోకచుక్క ఉపరితలానికి లక్షా నలభై వేల కిలోమీటర్ల ఎత్తున కిరీటంలోంచి దూసుకెళ్లి బయటపడింది. దాని నుంచి రాలిన ఆక్సిజన్ అయాన్లు బలరేఖల వెంట పాకుతూ, అప్పటిదాకా నమూనాల్లోనే ఉన్న రేఖల వంపును గీసి చూపాయి. ఏ నౌకా అంత దగ్గరికి పోలేదు.

గ్రహణం కోసం కాచుకునే అవసరమూ తగ్గింది. 1869లో యంగ్‌కు దక్కింది కొన్ని నిమిషాలు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణపు నీడ తెలుగు నేల మీదుగా సాగినప్పుడూ దక్కింది కొన్ని నిమిషాలే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి లేచిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6 నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల నిలబడి సూర్యుణ్ని ఆపకుండా చూస్తోంది. బెంగళూరు భారత ఖగోళభౌతిక సంస్థ దాని కోసం చేసిన కిరీటదర్శిని సూర్యబింబాన్ని కృత్రిమంగా కప్పి, అంచు పక్కనే ఉన్న వెలుగును విడదీస్తుంది. అది వెతికే మూడు గీతల్లో ఒకటి 5303 ఆంగ్‌స్ట్రామ్‌ల ఆకుపచ్చ గీతే. ఆ గీత ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉంటుంది. ఇనుము ఎంత వేడిగా ఉన్నా అంత వెడల్పు రాదు, ఇంకేదో కదలిక దాన్ని సాగదీస్తోంది. అలల్లో ఊగే ఇనుమూ గీతను సాగదీస్తుంది, పేలుళ్లలో ఎగిరే ఇనుమూ సాగదీస్తుంది. ఆ అదనపు వెడల్పులో ఎవరి వాటా ఎంతో విడదీయడమే ఇప్పుడు ఆ గీత ముందున్నవాళ్ల పని.